చెయ్యి వచ్చింది గానీ చెయ్యి ఆచూకీ రాలేదు

ఎడిటర్ గారికి నమస్కారం అండీ.

పోయిన ఆదివారం మీ పేపర్లో పక్షవాతం మీద ఫుల్ పేజీ వేశారు. మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, చెయ్యి కాలు పడిపోవడం ఇవి కనపడగానే క్షణం కూడా ఆగొద్దని, నాలుగున్నర గంటల్లోపు వెళ్తే మెదడులో అడ్డుపడ్డ క్లాట్, అంటే రక్తం గడ్డ, కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలరని, పసరు మందుల కోసం ఊళ్ళు తిరిగి టైమ్ పోగొట్టుకోవద్దని చాలా బాగా రాశారు, ఆ పేజీ మా పక్కింటోళ్ళకి కూడా ఇచ్చి చదివించాను. కానీ ఫిజియోథెరపీ చేయించి చేతికి బలం వచ్చిందంటే ఇక మనిషి మామూలు అయిపోయినట్టే అన్నట్టుగా ఒక మాట ఉంది అందులో, నేను అక్కడే ఆగిపోయాను. మా ఇంట్లో బలం వచ్చింది. మనిషి మామూలు కాలేదు. ఎందుకు కాలేదో తెలియడానికి మాకు 7 నెలలు పట్టింది, ఆ 7 నెలల్లో మేం నాన్నని అన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు, అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే మీకు వీలైనంత కత్తిరించుకోండి, కానీ దయచేసి వెయ్యండి.

మా నాన్న టైలరు. తెనాలిలో చిన్న షాపు, 38 ఏళ్ళుగా అదే పని, జాకెట్లు ఎక్కువ, జూన్ వస్తే స్కూల్ యూనిఫాంలు. కటింగ్ చేసేటప్పుడు నాన్న కళ్ళు సుద్ద గీత మీదే ఉండేవి, కత్తెర పట్టిన చేతిని చూసుకునేవారు కాదు, అది దానంతటదే గీత వెంట పోయేది. మిషన్ తొక్కుతూ వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ ఎడం చేత్తో బట్ట తిప్పి కుడి చేత్తో చక్రం ఆపేవారు, అసలు కిందకి చూసేవారే కాదు. చిన్నప్పుడు నాకది మామూలు విషయం, పనితనం అంటే అంతేలే అనుకునేదాన్ని. ఆ చూడకుండా చేసే శక్తికి మెదడులో ఒక చోటు ఉందని, ఆ చోటు మాత్రమే దెబ్బతిని మిగతా అంతా బాగుండే అవకాశం ఉందని నాకెవరు చెప్తారు.

రెండేళ్ళ కిందట కార్తీక మాసంలో పొద్దున్నే టీ తాగుతూ ఉండగా గ్లాసు జారిపోయింది, కుడి చెయ్యి కుడి కాలు పడిపోయినయి. గంటన్నరలో ఆస్పత్రిలో ఉన్నాం, ఇంజెక్షన్ ఇచ్చారు, ఎమ్మారై తీసి మెదడులో ఎడం వైపు పెరైటల్ లోబ్ అనే భాగంలో దెబ్బ ఉందన్నారు. నాలుగో రోజుకి చెయ్యి లేచింది. మూడు వారాలకి డాక్టర్ గారి వేళ్ళు పట్టుకుని గట్టిగా నొక్కారు, ఆయన సంతోషపడి భుజం తట్టారు. సూదితో గుచ్చి చూశారు, తెలిసింది. వేడి తెలుస్తోంది, చల్ల తెలుస్తోంది. డిశ్చార్జి కాగితంలో పవర్, అంటే కండ బలం, 4/5 అని, స్పర్శ నార్మల్ అని రాసిచ్చారు. ప్రాణం కాపాడారు, వాళ్ళకి ఎప్పటికీ రుణపడి ఉంటాం, ఆ ఆస్పత్రి పేరు రాయను. నా బాధ ఆ "నార్మల్" అన్న ఒక్క మాట మీద.

ఇంటికొచ్చాక మొదలైంది. గ్లాసు పట్టుకుంటారు, దాన్ని చూస్తున్నంతసేపు బానే పట్టుకుంటారు, ఎవరన్నా పిలిస్తే అటు తల తిప్పగానే గ్లాసు కింద. పేపర్ కప్పు ఇస్తే నలిపేస్తారు. చొక్కా తొడుక్కుంటే చెయ్యి చొక్కాలోనే ఎక్కడో తప్పిపోతుంది, బయటకి వచ్చే దారి తెలీదు. జేబులో చిల్లర ఉంటే ఎడం చేత్తో తీస్తారు గానీ కుడి చెయ్యి పెడితే నాణెమో తాళమో చెప్పలేరు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడు రెండుసార్లు తూలి గోడ పట్టుకున్నారు. అన్నిటికన్నా భయం వేసింది ఏంటంటే టీవీ చూస్తూ కుర్చీలో కూర్చుంటే కుడి చేతి వేళ్ళు వాటంతటవే మెల్లగా లేస్తూ దిగుతూ హార్మోనియం వాయిస్తున్నట్టు కదిలేవి, నాన్నకి ఆ సంగతే తెలీదు, మా నాయనమ్మ చూసి గాలి సోకిందని తాయెత్తు కట్టించింది.

అమ్మేమో చెయ్యి బానే ఉందిగా వాడకపోతే ఎట్లా వస్తది అనేది. మామయ్య అయితే ఎదురుగానే, బావా నీకు బద్ధకం ఎక్కువైంది అన్నాడు. నేను కూడా అన్నాను, నాన్నా ప్రయత్నం చెయ్యట్లేదు మీరు అని. ఆయన ఒక్కటే మాట అనేవారు, "ఈ చెయ్యి నా దగ్గర లేదమ్మా." మాకు అర్థం కాలేదు. మనసు దెబ్బతిన్నదేమో, డిప్రెషన్ ఏమో అనుకున్నాం, దానికి కూడా మాత్రలు వాడాం.

ఏడో నెలలో కొత్తగా ఒక ఫిజియో అమ్మాయి ఇంటికి రావడం మొదలుపెట్టింది. మొదటి రోజే, అంకుల్ కళ్ళు మూసుకోండి అంది. నాన్న కుడి చేతిని తనే పట్టుకుని పక్కకి, కొంచెం పైకి తీసుకెళ్ళి గాల్లో ఆపింది, ఇప్పుడు ఎడం చేత్తో మీ కుడి బొటనవేలు పట్టుకోండి అంది. నాన్న ఎడం చెయ్యి తిన్నగా ఒళ్ళో ఉన్న చోటికి వెళ్ళింది, అక్కడ చెయ్యి లేదు, వెతుక్కుంటా వెతుక్కుంటా మోచెయ్యి తగిలి దాని వెంట పాక్కుంటూ బొటనవేలు దాకా వచ్చారు. తర్వాత కుడి చూపుడు వేలుని పక్కల నుంచి పట్టుకుని కొంచెం పైకీ కిందకీ వంచుతూ ఎటు వంగిందో చెప్పమంది. పదిసార్లు అడిగితే నాన్న ఐదు తప్పు చెప్పారు, అంటే ఊహించి చెప్పడమే. కాలి బొటనవేలికి కొంచెం నయం, పదికి మూడు తప్పు. కళ్ళు తెరిచాక నాన్న చాలాసేపు ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు. నేనూ అమ్మా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేకపోయాం. ఏడు నెలలుగా ఆయన చెప్తున్నది అక్షరాలా నిజం.

ఆ అమ్మాయి చెప్పిన మాట, అంకుల్ చేతికి బలం ఉంది, ఆచూకీ లేదు అని. ఇంగ్లీషులో దీన్ని ప్రొప్రియోసెప్షన్ అంటారంట, నాకు మాత్రం ఆచూకీ అన్న మాటే నచ్చింది, మన ఒంటి ఆచూకీ మనకి తెలియడం.

అప్పటినుంచి దొరికినవన్నీ చదివాను, డాక్టర్లని అడిగాను, నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తాను ఎందుకంటే ఇది తెలిస్తే ఇంట్లోవాళ్ళకి ఓపిక వస్తది. కరెంటు పోయినప్పుడు చీకట్లో అన్నం తింటాం కదా, ముద్ద తిన్నగా నోటికే వెళ్తుంది, ముక్కులోకి పోదు. చెయ్యి ఎక్కడుందో నోరు ఎక్కడుందో కళ్ళు చెప్పలేదు, మరి ఎవరు చెప్పారు? కండలు చెప్పినయి. ప్రతి కండలోపలా కదురులాగా మధ్యలో లావుగా చివర్లు సన్నగా ఉండే చిన్న చిన్న పరికరాలు ఉంటయి, మజిల్ స్పిండిల్స్ అంటారు, కండ ఎంత సాగింది, ఎంత స్పీడుగా సాగుతోంది అన్నది అవి నరం ద్వారా చెప్తూ ఉంటయి. కండ ఎముకకి అతుక్కునే చోట గోల్గీ టెండన్ ఆర్గాన్స్ అనేవి ఉంటయి, ఎంత బలంగా లాగుతోందో అవి చెప్తయి. కీలు మీద చర్మం సాగడం కూడా కొంత చెప్తుంది. చేతి వేళ్ళని ఆడించే చిన్న కండల్లోనూ మెడ కండల్లోనూ ఈ స్పిండిల్స్ బాగా దట్టంగా ఉంటాయంట, మా నాన్న 38 ఏళ్ళు బతికింది వాటి మీదే అన్నమాట. ప్రొప్రియోసెప్షన్ అన్న పేరు పెట్టింది ఇంగ్లండ్ సైంటిస్టు చార్లెస్ షెరింగ్టన్, 1906లో, తర్వాత 1932లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. ఈ సాగడాన్ని నరం సిగ్నల్‌గా మార్చే పీజో2 అనే ప్రొటీన్ సంగతి మాత్రం మన కాలంలోనే తేలింది, దాన్ని కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు. ఆ ప్రొటీన్ పుట్టుకతోనే పనిచెయ్యని పిల్లలు కొద్దిమంది ఉన్నారు, వాళ్ళు కళ్ళు తెరిచి ఉంటే నడుస్తారు, కళ్ళకి గంతలు కడితే తూలిపోతారు.

ఈ కబురు మెదడుకి చేరే దారి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే నాన్న విషయంలో మోసం అక్కడే జరిగింది. కాలి వేలు నుంచి బయల్దేరిన కబురు వెన్నుపాములో వెనక భాగం వెంట పైకి పోయి మెదడు కింద కాండం దాకా వెళ్తుంది, ఆ దూరమంతా ఒకే ఒక్క నరకణం, మన ఒంట్లో అంత పొడుగు కణం ఇంకోటి లేదు. సెకనుకి 80 నుంచి 120 మీటర్ల స్పీడు. అక్కడ కుడిది ఎడమకి ఎడమది కుడికి దాటి, థాలమస్ అనే జంక్షన్ మీదుగా పైన పెరైటల్ లోబ్‌కి చేరుతుంది. ఇంకో దారిలో అదే సమాచారం చిన్న మెదడుకి కూడా పోతుంది కానీ అక్కడికి చేరింది మనకి తెలివిలోకి రాదు, లోపల్లోపలే నడక సరిచేసుకోడానికి పనికొస్తుంది. నొప్పీ వేడీ చల్లా వేరే దారిలో వస్తయి, మెదడులో వాటికి ఒకటికి మించి చోట్లున్నయి, అందుకని పెరైటల్ లోబ్ దెబ్బతిన్నా సూది గుచ్చితే చాలామందికి తెలుస్తూనే ఉంటుంది. పోయేది చెయ్యి ఎక్కడుంది, చేతిలో ఉన్నది ఏంటి అన్న జ్ఞానం. లండన్ డాక్టర్లు హెన్రీ హెడ్, గోర్డన్ హోమ్స్ ఈ సంగతి 1911లోనే వివరంగా రాశారు. అంటే సూది గుచ్చి చూసి నార్మల్ అని రాయడం చాలదని వందేళ్ళ కిందటే తెలుసు.

ఆ ఇద్దరు డాక్టర్లు రాసిన ఇంకో మాట నన్ను బాగా పట్టేసింది. మెదడు మన ఒంటి పటం ఒకటి లోపల గీసుకుని క్షణక్షణం దిద్దుకుంటూ ఉంటుందంట, ఆ పటం చర్మంతో ఆగదంట, టోపీకి ఈక పెట్టుకున్న ఆడమనిషికి ఆ ఈక కొస ఎక్కడుందో కూడా తెలుస్తుంది అన్నారు. అది చదవగానే నాకు నాన్న సూది గుర్తొచ్చింది. ఆయన పటం సూది మొన దాకా, కత్తెర కొస దాకా ఉండేది. క్లాట్ వచ్చి ఆ పటంలో కుడి చెయ్యి ఉన్న ముక్కని చింపేసింది. కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ 1930లలో మెదడు ఆపరేషన్లు చేస్తూ మెదడు ఉపరితలాన్ని కొద్దిపాటి కరెంటుతో తాకి, ఎక్కడ తాకితే ఒంట్లో ఎక్కడ అనిపిస్తోందో గుర్తులు పెట్టుకున్నాడు, అందులో చేతికీ పెదాలకీ వీపు కన్నా కాలు కన్నా ఎంతో ఎక్కువ చోటు ఉంది. చేతికి అంత చోటు ఉంది కాబట్టే అక్కడ చిన్న దెబ్బ తగిలినా చేతికి అంత నష్టం.

ఇంకా ఒకటి, మెదడు ఈ కబుర్లని ఉన్నదున్నట్టు చదువుకోదంట, కండల మాట, కళ్ళ మాట, తను ఇచ్చిన ఆర్డరు, మూడూ కలిపి చెయ్యి బహుశా ఇక్కడుంది అని ఒక అంచనా వేస్తుంది. ఏ మాట నమ్మకంగా ఉంటే దాని వైపు మొగ్గుతుంది. 1972లో సైంటిస్టులు మోచేతి దగ్గర కండ ఎముకకి అతుక్కునే చోట వైబ్రేటర్ పెట్టి చూశారు, చెయ్యి కదలకపోయినా కళ్ళు మూసుకున్న మనిషికి చెయ్యి చాపుతున్నట్టే అనిపించింది, ఎందుకంటే స్పిండిల్ సాగినట్టు అబద్ధం చెప్పింది, మెదడు నమ్మింది. 1998లో ఇంకో ప్రయోగం, మన చెయ్యి అడ్డం వెనక దాచి ఎదురుగా రబ్బరు చెయ్యి పెట్టి రెండిటినీ ఒకేసారి బ్రష్‌తో రాస్తే కొద్ది నిమిషాలకి చాలామందికి ఆ రబ్బరు చెయ్యే తనదనిపించింది, ఈసారి కళ్ళు గెలిచినయి. మంచి ఆరోగ్యంగా ఉన్న మెదడే ఇలా సర్దుకుంటుంటే, ఒక పక్క కబురు పూర్తిగా ఆగిపోయినప్పుడు ఏం చేస్తుంది? మొత్తం బరువు కళ్ళ మీద వేస్తుంది. మా నాన్న గ్లాసు వంక చూస్తున్నంతసేపు పట్టుకోగలిగింది అందుకే, తల తిప్పగానే జారిపోయింది కూడా అందుకే. టీవీ చూసేటప్పుడు వేళ్ళు కదలడానికి కూడా కారణం అదే, వేలు ఎక్కడుందో తెలియకపోతే ఒకచోట ఉంచడం కుదరదు కదా, గాలీ లేదు ధూళీ లేదు. సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడు తూలడం కూడా అంతే, కళ్ళు మూసుకుంటే తూలిపోవడాన్ని 19వ శతాబ్దంలోనే జర్మన్ డాక్టర్ మోరిట్జ్ రోంబెర్గ్ రాసిపెట్టాడు, ఇప్పటికీ డాక్టర్లు పాదాలు కలిపి నిలబెట్టి కళ్ళు మూసుకోమనే పరీక్షకి ఆయన పేరే.

ఇంగ్లండ్‌లో ఇయాన్ వాటర్‌మన్ అని ఒకాయన ఉన్నారు. 1971లో 19 ఏళ్ళప్పుడు, మాంసం కొట్టులో పనిచేసేవాడు, ఏదో జ్వరం వచ్చి మెడ కింద నుంచి ఈ ఆచూకీ మొత్తం పోయింది, స్పర్శ కూడా పోయింది, కండల బలం మాత్రం అట్లాగే ఉంది. ఆయనకి దెబ్బ మెదడులో కాదు, నరాల్లో. బలం ఉండి కూడా మంచం మీద లేచి కూర్చోలేకపోయాడు. తర్వాత నెలల తరబడి ప్రతి కదలికనీ కళ్ళతో చూసి ఆలోచించి కదపడం నేర్చుకుని మళ్ళీ నడిచాడు, ఉద్యోగం చేశాడు, కానీ లైటు ఆరిపోతే కింద పడిపోయేవాడు. ఇది చదివి నాన్నకి వినిపించాను. నాన్న, ఆయనకి సాయంత్రానికి తల నొప్పి వచ్చేదేమో కనుక్కో అమ్మా, అన్నారు. చూపుతో ఒక చెయ్యిని రోజంతా మోయడం ఎంత అలసటో మేం ఎవరం ఆలోచించలేదు, మధ్యాహ్నానికే పడుకుంటున్నారు అని మాత్రం విసుక్కున్నాం.

ఇక నా అసలు బాధ. ఇది అరుదైన విషయం కాదు. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి ఈ ఆచూకీ జ్ఞానం ఎంతో కొంత దెబ్బతింటుందని దేశదేశాల డాక్టర్లు చెప్తున్నారు. మరి ఎందుకు పట్టుకోలేకపోతున్నారు? ఎమర్జెన్సీలో స్ట్రోక్ ఎంత పెద్దదో కొలవడానికి ప్రపంచమంతా వాడే ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ అనే స్కేలు ఉంది, 0 నుంచి 42 దాకా మార్కులు, అందులో స్పర్శ చూసేది సూదితో గుచ్చే. చెయ్యి ఎక్కడుందో తెలుస్తోందా అన్నదానికి అందులో మార్కే లేదు. ఆ టైమ్‌లో అది కరెక్టే, ప్రాణం మీదకొచ్చినప్పుడు నిమిషాలు ముఖ్యం, నేను తప్పు పట్టను. కానీ తర్వాత వారానికో రెండు వారాలకో, ప్రమాదం దాటాక, డిశ్చార్జికి ముందు ఒక్కసారి కళ్ళు మూయించి చూడొచ్చు కదా. పవర్ కొలవడానికి 0 నుంచి 5 దాకా లెక్క ఉంది, అది అందరూ రాస్తారు, బంధువులు కూడా అదే అడుగుతారు, చెయ్యి లేస్తోందా అని. చెయ్యి ఎక్కడుందో తెలుస్తోందా అని అడిగినవాళ్ళు మాకు ఒక్కరూ తగల్లేదు, ఆ అమ్మాయి వచ్చేదాకా. స్ట్రోక్ వచ్చాక మొదటి మూడు నెలలు మెదడు బాగా కోలుకునే కాలం అంటారు, మా నాన్న ఆ కాలమంతా రబ్బరు బంతి నొక్కడంలో గడిచిపోయింది, ఆయనకి కొరత లేని దాన్నే మేం పెంచుతూ కూర్చున్నాం.

తర్వాత ఏం చేశామో కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఆస్ట్రేలియాలో లీయాన్ కేరీ అనే ఆవిడ చాలా ఏళ్ళుగా స్ట్రోక్ తర్వాత స్పర్శనీ ఈ ఆచూకీనీ మళ్ళీ నేర్పించడం మీద పని చేస్తున్నారు, 2011లో వచ్చిన వాళ్ళ పరిశోధనలో 50 మందికి ఈ పద్ధతి చూస్తే మామూలుగా వస్తువులు ముట్టుకోవడం కన్నా ఇలా పద్ధతిగా నేర్పిస్తే ఎక్కువ మెరుగుదల కనపడింది. పద్ధతి వింటే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కళ్ళు మూసుకుని చెయ్యి ఏ కోణంలో ఉందో చెప్పాలి, కళ్ళు తెరిచి ఎంత తప్పామో చూసుకోవాలి, మంచి చేత్తో అదే కోణం పెట్టి ఎలా అనిపిస్తోందో పోల్చుకోవాలి, మళ్ళీ కళ్ళు మూసుకోవాలి. మొదట పెద్ద తేడాలు, తర్వాత చిన్న తేడాలు. మెదడులో మిగిలిన భాగానికి ఆ కొద్దిపాటి కబురుతోనే చదువుకోవడం నేర్పడం ఇది.

మా ఫిజియో అమ్మాయి మా అబ్బాయి కంపాస్ బాక్స్‌లో కోణమానిని అడిగింది. నాన్నే దాన్ని అట్ట మీద పెద్దదిగా గీసి, మధ్యలో ఒక పుల్ల పెట్టి, మణికట్టు దాని పక్కన ఆనేలా బల్ల మీద బిగించారు, కొలత విషయంలో ఆయన్ని మించినవాళ్ళు మా ఇంట్లో లేరు. మొదటివారం 40 డిగ్రీలు తప్పేవారు. మామయ్య వచ్చి కూర్చుని నోట్‌బుక్‌లో రాసేవాడు, ఆయన అన్న మాటకి ఆయనే అలా ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు అనుకుంటా. ఇంకోటి నాన్న సొంత ఆలోచన, షాపులో మిగిలిన పీలికలు తెప్పించుకున్నారు, పాప్లిన్, టూ బై టూ రూబియా, జార్జెట్, పట్టు, కళ్ళు మూసుకుని కుడి వేళ్ళతో ముట్టుకుని ఏ బట్టో చెప్పడం, తప్పితే ఎడం వేళ్ళతో ముట్టుకుని గుర్తు పట్టి మళ్ళీ కుడి. పట్టు ముందు వచ్చింది. రూబియాకీ పాప్లిన్‌కీ తేడా తెలియడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ రోజు అమ్మ పాయసం చేసింది.

ఇప్పుడు మణికట్టు తప్పు 15 డిగ్రీల లోపు ఉంటోంది. బొటనవేలు పది సార్లలో ఏడెనిమిది సార్లు తిన్నగా పట్టుకుంటున్నారు. చూసుకుంటూ నెమ్మదిగా హెమ్మింగ్ చేస్తారు, ఫాల్స్ కుడతారు, కటింగ్ చెయ్యరు, కాజాలు కుట్టలేరు. పాత నాన్న తిరిగి రాలేదు, వస్తారని నేను ఎవరికీ చెప్పను. అద్దం పెట్టి మంచి చేతిని చూస్తూ చేసే మిర్రర్ థెరపీ కూడా కొన్నాళ్ళు చేశాం, కదలికకి కొంత ఉపయోగపడింది, ఆచూకీకి ఏమంత తేడా తెలియలేదు మాకు. ఒక్కొక్కళ్ళ దెబ్బ ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ డాక్టర్నీ ఫిజియోనీ అడిగే చెయ్యండి.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళకి ఇంకొన్ని సంగతులు. రాత్రి బాత్రూం దారిలో చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి, కరెంటు పోతే వెలిగే ఎమర్జెన్సీ లైటు ఉంటే ఇంకా మంచిది. స్నానం కుర్చీ మీద కూర్చుని. హవాయి చెప్పులొద్దు, కాలి నుంచి జారిపోయినా తెలీదు, వెనక పట్టీ ఉన్నవి కొనండి. పడుకునేటప్పుడు ఆ చెయ్యి ఒంటి కింద పడిందేమో చూడండి, వాళ్ళకి తెలీదు, పొద్దునకి వాచిపోతుంది. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని గుంజకండి, భుజం కీలు పక్కకి జరిగే ప్రమాదం ఉంది. స్కూటర్ వెనకో ఆటోలోనో కూర్చుంటే ఆ చెయ్యి బయటకి వేలాడకుండా ఒళ్ళో పెట్టుకోమనండి. షుగరు ఎక్కువ కాలం ఉన్నవాళ్ళకి నరాలు దెబ్బతినీ, బి12 బాగా తగ్గిపోయినవాళ్ళకి వెన్నుపాములో ఆ వెనక దారి దెబ్బతినీ కాళ్ళ ఆచూకీ ఇలాగే తగ్గొచ్చు, స్ట్రోక్ లేకపోయినా. చీకట్లో నడవాలంటే భయంగా ఉంది అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటే అది వయసు మాట అని తీసెయ్యకండి, డాక్టర్‌కి ఆ మాట అలాగే చెప్పండి.

ఎడిటర్ గారూ, మీ పేపర్ మా జిల్లాలో ప్రతి టీ కొట్టులోనూ ఉంటుంది. మీరు మళ్ళీ పక్షవాతం మీద రాసేటప్పుడు మూతి వంకర బొమ్మ పక్కన ఇంకో బొమ్మ వెయ్యండి, కళ్ళు మూసుకున్న మనిషి, ఆయన పడిపోయిన చేతిని గాల్లో పట్టుకుని ఉన్న ఇంకో మనిషి, బొటనవేలు కోసం వెతుకుతున్న రెండో చెయ్యి. దానికి మిషన్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, నిమిషం పడుతుంది. మనిషిని కూర్చోబెట్టి మాత్రమే చెయ్యాలి, నిలబెట్టి కాదు, అది కూడా రాయండి. బొటనవేలు తిన్నగా పట్టుకోలేకపోతే ఆ సంగతి డాక్టర్ గారికి చెప్పి, స్పర్శకీ ఆచూకీకీ ఫిజియో ఇప్పించండి అని అడగమనండి. మా నాన్న ఈ ఉత్తరం చదివి, నా పేరు వద్దులే అమ్మా గానీ కొలతలు మాత్రం కరెక్టుగా రాయి అన్నారు. 40 నుంచి 15 డిగ్రీలు, 11 నెలల్లో.

ఇట్లు
ఒక టైలర్ గారి కూతురు
తెనాలి